చూసిన సంగతి ఎవరికీ తెలియకూడదు: తిరుపతిలో మా హెచ్‌ఐవీ సోషల్ మీడియా ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి అయిపోయాక

పని మొదలైంది. బృందం చిన్నది. ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రం) కౌన్సెలర్‌గా చేసి రిటైరైన ఒక మేడమ్, చాలా ఏళ్ళుగా హెచ్‌ఐవీని అణిచి ఉంచే ఏఆర్‌టీ మాత్రలు వేసుకుంటూ ఇంటినీ ఉద్యోగాన్నీ నెట్టుకొస్తున్న ఒక అక్క, ఎస్వీ యూనివర్సిటీలో చదివే ఇద్దరు పిల్లలు, రాతపనీ వీడియోల ఎడిటింగూ చూసుకునే నేను. మేం చెయ్యాల్సింది మూడు మాటల్లో చెప్పుకున్నాం. అనుమానం ఉన్నవాళ్ళు పరీక్షకు వెళ్ళాలి. మందులు మొదలుపెట్టినవాళ్ళు ఆపకూడదు. ఒంటరిగా మోస్తున్నవాళ్ళకి మాట్లాడే మనిషి దొరకాలి.

వసతులకు కొదవలేదు. రుయా ఆస్పత్రిలో ఏఆర్‌టీ సెంటరు ఉంది. ప్రభుత్వాస్పత్రుల్లోని ఐసీటీసీల్లో పరీక్ష ఉచితం. మందులు దేశంలో 2004 నుంచి ఉచితం. 1097కి ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా సమాచారం చెబుతారు. అయినా జనం మనసులో ఉన్న హెచ్‌ఐవీ ఇరవై ఏళ్ళ కిందటిది. మా ఊళ్ళో ముప్పై అయిదు దాటిన ఎవరినడిగినా ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ హోర్డింగులు చెబుతారు. పైకి అనడానికే జంకే మాటని ఆ ప్రచారం టీ అంగడి దాకా తెచ్చింది, అది చిన్న పని కాదు. ఆ తరవాత వచ్చిన మంచి వార్తలు మాత్రం అంత పెద్ద అక్షరాలతో ఎక్కడా కనపడలేదు. 2017 నుంచి సీడీ4 (రక్తంలో రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా సరే, పాజిటివ్ అని తేలగానే మందులు మొదలుపెడుతున్నారు. చాలామందికి రోజుకు ఒక్క మాత్రే. అది క్రమంగా వేసుకుని వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే ఉంటే, లైంగికంగా భాగస్వామికి సోకదు. ఈ చివరి సంగతి తిరుపతిలో ఎంతమందికి తెలుసని అక్కని అడిగితే, ‘నాకే నాలుగేళ్ళ తరవాత తెలిసింది, అదీ ఎవురో చెప్తే’ అంది.

హోర్డింగు వీధిలో అందరికీ కనిపిస్తుంది. ఫోను ఒక్కరి చేతిలో ఉంటుంది. ఈ వార్త ఫోనులోకే వెళ్ళాలని నిర్ణయించుకున్నది అందుకే.

అదే నెల, ఏ యాప్ అన్న చర్చ

ఒక్క ప్రశ్న చుట్టూ వారాలు గడిచాయి: మా వీడియో చూసిన మనిషిని ఇంకెవరు చూస్తారు?

మా సొంత ఫోన్లలోనే పరీక్షించాం. వాట్సాప్ గ్రూపులో చేరితే అందులో ఉన్నవాళ్ళందరికీ నంబరు కనిపిస్తుంది. కొర్లగుంటలో ఉండేవాడి నంబరు పక్కసందువాడి ఫోనులో ముందే సేవ్ అయి ఉంటుంది కదా, పేరు కూడా బయటపడుతుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో అయితే ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు, మెసేజ్ ఎవరికి వారికి విడిగా చేరుతుంది. కాకపోతే మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే అందుతుంది, ఒక లిస్టులో 256 మందే పడతారు. వాట్సాప్ ఛానెల్‌లో ఫాలో అయ్యేవాళ్ళు ఒకరికొకరు కనపడరు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోయర్ల జాబితా తెరిచిన పుస్తకం. ఫోనులోని కాంటాక్టులు యాప్‌కి అప్పగిస్తే, ‘వీళ్ళు మీకు తెలిసి ఉండొచ్చు’ అని అది పరిచయాలు కలుపుతుంది. పెళ్ళిళ్ళ ఫొటోలకి అది బాగానే పనికొస్తుంది, మా పనిలో అదే ప్రమాదం.

ఇది మా అతి భయం కాదని చెప్పడానికి పిల్లలకి రెండు సంఘటనలు చూపించాను. 2015లో లండన్‌లోని ఒక లైంగిక ఆరోగ్య క్లినిక్ తన హెచ్‌ఐవీ సేవలు వాడుకునేవాళ్ళకి ఈమెయిల్‌లో వార్తాలేఖ పంపింది. అడ్రసులు దాచి పెట్టాల్సిన గడిలో కాకుండా అందరికీ కనిపించే గడిలో పడ్డాయి. 781 మంది చిరునామాలు ఒకరివి ఒకరికి వెళ్ళిపోయాయి, వాటిలో ఎక్కువ భాగం పూర్తి పేర్లతో ఉన్నవే. మరుసటి ఏడాది ఆ ఆస్పత్రి ట్రస్టుకు 1,80,000 పౌండ్ల జరిమానా పడింది. రెండోది 2018 నాటిది. గ్రైండర్ అనే డేటింగ్ యాప్‌లో జనం రాసుకున్న హెచ్‌ఐవీ వివరాలు, యాప్ పనితీరు చూసే రెండు బయటి కంపెనీలకు చేరుతున్నాయని బయటపడింది. అక్కడ ఎవరూ పగబట్టి చెయ్యలేదు. ఒక గడి, ఒక సెట్టింగు, అంతే. అందుకే ఎవరి జాబితా అయినా మా చేతిలోకి రాకముందే ఈ లెక్క తేల్చుకున్నాం.

నిర్ణయం ఇది. బయటికి కనిపించేవి యూట్యూబ్ షార్ట్స్, ఇన్‌స్టా రీల్స్. లోపలి గది ఒక వాట్సాప్ బిజినెస్ నంబరు, మాట్లాడేది ఒకరితో ఒకరే. గ్రూపులు పెట్టం. నంబరు పేరులోగానీ బొమ్మలోగానీ హెచ్‌ఐవీ మాట, ఎర్ర రిబ్బను ఉండవు. ఎవరి పేరూ మేం అడగం. పాజిటివ్ అని చెప్పినవాళ్ళ చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ (వాటంతటవే చెరిగిపోయేవి) 7 రోజులకు పెడతాం, పెట్టే ముందు వాళ్ళకి చెబుతాం.

ఇక్కడే యూనివర్సిటీ అబ్బాయి ఒక చిక్కు లేవనెత్తాడు. ‘లైకులు, షేర్లు లేకుంటే వీడియో ముందుకు పోదు కదన్నా?’ నిజమే. మనకి కావలసిన మనిషి లైక్ కొట్టడు, కొట్టమనడం న్యాయమూ కాదు. కౌన్సెలర్ మేడమ్ దారి చూపించారు. కాలేజీల్లో ఎయిడ్స్ అవగాహన కోసం నడిచే రెడ్ రిబ్బన్ క్లబ్బులున్నాయి, నర్సింగ్ విద్యార్థులున్నారు, టీచర్లున్నారు, ఈ విషయంలో దాచుకోవాల్సింది ఏమీ లేని వందలమంది ఉన్నారు. లైక్ కొట్టడం, షేర్ చెయ్యడం, కామెంట్ రాయడం వాళ్ళ వంతు. అంతమంది పంచుకున్న వీడియో ఎవరి ఫోనులో కనిపించినా అనుమానం రాదు. అవసరమున్న మనిషి చూసి, ఏ బటనూ నొక్కకుండా, నంబరు గుర్తుపెట్టుకుంటే చాలు. ప్రతి వీడియో చివర అందుకే ‘మీరు లైక్ కొట్టక్కర్లేదు, ఫాలో అవ్వక్కర్లేదు. ఈ నంబరుకి ఒక హాయ్ పెట్టండి’ అంటున్నాం. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నమ్మకమున్న ఆలోచన ఇదే.

డబ్బులిచ్చి ప్రకటనలు వేద్దామన్న ఆలోచన కొంతసేపు నడిచింది. ఆరోగ్య విషయాల మీద ఆసక్తిని బట్టి మనుషుల్ని ఏరుకునే సదుపాయాన్ని ఫేస్‌బుక్, ఇన్‌స్టా నడిపే మెటా కంపెనీ 2022 జనవరిలో తీసేసింది. మాకు ఇబ్బందే, అయినా అది తీసెయ్యడమే సరి అంటాను. ఊరు, వయసు, భాష పెట్టుకుంటే మా పనికి చాలు.

శివరాత్రి ముందు, స్క్రిప్టుల పోట్లాట

మొదటి స్క్రిప్టు ‘పరీక్షకు అందనంత తగ్గితే సోకదు’ గురించే. కౌన్సెలర్ మేడమ్ గట్టిగా అభ్యంతరం చెప్పారు. ‘ఇట్ల చెప్తే కండోమ్ మానేస్తారు.’ ఆవిడ భయం వట్టిదేమీ కాదు. కండోమ్ సిఫిలిస్, గనేరియా లాంటివాటిని కూడా అడ్డుకుంటుంది, మాత్ర అడ్డుకోదు. అక్క ఒప్పుకోలేదు. ‘మేడమ్, నేను మనిషిని తాకితే చస్తారనుకుని ఎన్నేండ్లు బతికినానో మీకు తెలుసు. ఆ మాట నిజం కాదని తెలిశాక కూడా దాచిపెడితే ఎట్ల?’

ఆధారాలు ముందు పెట్టుకున్నాం. 2011లో వచ్చిన హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనం, భార్యాభర్తల్లో ఒకరికే హెచ్‌ఐవీ ఉన్నప్పుడు తొందరగా మందులు మొదలుపెడితే రెండోవారికి సోకడం 96 శాతం తగ్గుతుందని చూపించింది. తరవాత పార్ట్‌నర్ అధ్యయనం. వైరస్ అణిగి ఉన్న జంటలు, కండోమ్ వాడని కలయికలు వేల సంఖ్యలో, ఏళ్ళ తరబడి. 2016లోనూ, పురుష జంటల మీద 2019లోనూ వచ్చిన ఫలితాల్లో ఆ భాగస్వామి నుంచి సోకినట్టు తేలిన కేసు ఒక్కటీ లేదు. మేడమ్ చదివారు, మళ్ళీ చదివారు. స్క్రిప్టులో నాలుగు వాక్యాలు ఆవిడ చేత్తో చేర్చారు: వైరల్ లోడ్ పరీక్ష చేయించుకున్నాకే ఈ మాట చెల్లుతుంది. మాత్రలు ఆపితే చెల్లదు. ఇది లైంగిక సంబంధం గురించి మాత్రమే, సూదులకూ తల్లిపాలకూ ఇదే లెక్క వర్తించదు. మిగతా సుఖవ్యాధులకు కండోమే కాపలా. ఆ నాలుగు వాక్యాలతో స్క్రిప్టు నిజాయితీగా నిలబడింది.

యాస మీదా చర్చ జరిగింది. టీవీ వార్తల తెలుగులో చదివితే జనం వేలితో పైకి తోసేస్తున్నారు. చంద్రగిరి పక్క మనిషి మాట్లాడినట్టు, ‘ఏమన్నా, మాత్ర ఏసుకున్నావా?’ అని మొదలైతే ఆగి వింటున్నారు. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు ఇళ్ళలో తమిళం నడుస్తుంది, వాళ్ళకి తమిళంలో విడిగా చెయ్యాలి. చదువు రానివాళ్ళ కోసం తెర మీద రాతలు తగ్గించాం. గట్టిగా వినలేని చోట చూసేవాళ్ళ కోసం అసలు విషయం ఒక్క వాక్యంలో తెర మీద ఉంచాం. రెండూ ఒకే వీడియోలో ఇమిడ్చేసరికి ఎడిటింగ్ నా ప్రాణం తీసింది.

ఉగాది తరవాత, వస్తున్న ప్రశ్నలు

నంబరుకి మెసేజీలు వస్తున్నాయి. అన్నిటికన్నా ఎక్కువ రాత్రి పదకొండు దాటాకే.

దోమ కుడితే వస్తుందా, మంగలి షాపు బ్లేడుతో వస్తుందా, ఒకే కంచంలో తింటే వస్తుందా. దోమతో రాదు, కంచంతో రాదు. బ్లేడు మాత్రం ఎవరికి వారికి కొత్తది అడగండి, హెపటైటిస్ బి కోసమైనా. వీటికి జవాబులు క్విక్ రిప్లైలుగా పెట్టేశాం.

‘నిన్న రాత్రి కలిసినా, ఈ పొద్దు టెస్ట్ చేయించుకుంటే తెలుస్తాదా?’ ఈ ప్రశ్న రోజూ వస్తుంది. తెలియదు. సోకిన వెంటనే పరీక్షకు దొరకదు, ఏ రకం పరీక్ష అన్నదాన్ని బట్టి కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా పట్టవచ్చు. అలా అని ‘మూడు నెలలు ఆగు’ అని జవాబు ముగించకూడదని మేడమ్ మొదటి రోజే చెప్పారు. ‘నిన్న రాత్రి’ అన్న మాట వింటే మన ప్రశ్న వేరే ఉండాలి: ఎన్ని గంటలైంది? 72 గంటలు దాటకపోతే, సోకకుండా అడ్డుకునే పెప్ అనే మందుల కోర్సు ఉంది, 28 రోజులు వాడాలి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ప్రభుత్వాస్పత్రి క్యాజువాలిటీకి వెళ్ళి డాక్టరుకి జరిగింది చెప్పాలి. అందుకే మేం నిద్రలో ఉన్నప్పుడు వెళ్ళే ఆటోమేటిక్ మెసేజ్‌లో మొదటి వాక్యం నమస్కారం కాదు, ‘జరిగి మూడు రోజులు దాటలేదా? తెల్లారేదాకా ఆగకండి, ఆస్పత్రికి వెళ్ళండి’ అనే వాక్యం. దాని కిందే 1097.

మాత్రల గురించి అడిగేవాటిలో ఒకటి నన్ను ఆలోచింపజేసింది. ఒకామె కాల్షియం బిళ్ళ, ఐరన్ బిళ్ళ, ఏఆర్‌టీ మాత్ర మూడూ పరగడుపున కలిపి వేసుకుంటోంది, ఒకేసారి అయిపోతుందని. ఇప్పుడిచ్చే మాత్రలో ఉండే డోలుటెగ్రావిర్ అనే మందు, పరగడుపున కాల్షియం, ఐరన్, గ్యాస్ మందులతో కలిస్తే ఒంటికి సరిగా పట్టదు. వాటికి రెండు గంటల ముందో ఆరు గంటల తరవాతో వేసుకోవాలి. సెంటరులో చెప్పే ఉంటారు, ఆ రద్దీలో చెవికెక్కి ఉండదు. ఈ ఒక్క సంగతి మీద వీడియో చేశాం. హెచ్‌ఐవీ అన్న మాట లేకుండా, ‘కాల్షియం బిళ్ళ వేసుకునేవాళ్ళు వినండి’ అని. అమ్మలందరూ పంచుకున్నారు. పంచుకున్న ఏ అమ్మనీ ఎవరూ అనుమానించే వీలు లేదు.

ఎండలు ముదిరాక, నయం చేస్తామనేవాళ్ళు

మా వీడియోల కింద కామెంట్లలో ‘మా మందుతో నలభై రోజుల్లో హెచ్‌ఐవీ నెగెటివ్’ అంటూ ఫోన్ నంబర్లు పడుతున్నాయి. దీని మీద నాకు చాలా కోపం ఉంది, ఇక్కడ దాచుకోను. ఒకాయన మాత్రలు ఆపేసి ఆ పొడి తింటున్నాడని ఆయన తమ్ముడు మెసేజ్ పెట్టాడు. మాత్రలు ఆపితే అణిగిన వైరస్ లేస్తుంది, మందుకు లొంగని రకంగానూ మారొచ్చు. ఎయిడ్స్ నయం చేస్తామని మందుకు ప్రచారం చెయ్యడం మన దేశంలో చెల్లదు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లోని షెడ్యూల్ జెలో, నయం చేస్తామని చెప్పుకోకూడని జబ్బుల పట్టికలో మొదటి పేరే ఎయిడ్స్.

ఆ కామెంట్లకు జవాబు రాస్తూ కూర్చోవడం వల్ల అవే పైకి వస్తాయి. కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి, రిపోర్ట్ కొట్టి, తీసేస్తున్నాం. ఆ తమ్ముడి అన్నతో అక్క మాట్లాడింది. ఏం మాట్లాడిందో మాకు చెప్పలేదు, మేం అడగలేదు. ఆయన మళ్ళీ ఏఆర్‌టీ సెంటరుకు వెళ్ళాడు.

గంగమ్మ జాతర వారం

ఊరంతా వేషాలు. మగవాళ్ళు చీర కట్టి మొక్కు తీర్చుకునే వారం ఇది, తాతయ్యగుంట వైపు కాలు పెట్టలేం. మాతో కలిసి పనిచెయ్యడానికి ట్రాన్స్ అక్కలిద్దరు ఒప్పుకున్నారు. ఇన్‌స్టాలో వాళ్ళని ఫాలో అయ్యేవాళ్ళు మా పేజీకన్నా చాలా ఎక్కువ. వాళ్ళ జాతర అలంకరణ వీడియోల మధ్యలోనే, వాళ్ళ మాటల్లోనే, పరీక్ష గురించి ఒక నిమిషం. మేం రాసిచ్చిన స్క్రిప్టు పక్కన పడేశారు, అదే మంచిదైంది.

ఈ పద్ధతికి ఆధారముంది. అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో జరిపి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పురుషులతో సంబంధాలున్న పురుషుల ఫేస్‌బుక్ గ్రూపుల్లో వాళ్ళలోనివాళ్ళే పెద్దరికం తీసుకుని హెచ్‌ఐవీ గురించి మాట్లాడారు. ఆ గ్రూపుల్లో 44 శాతం మంది ఇంట్లో చేసుకునే పరీక్ష కిట్ అడిగారు. మామూలు ఆరోగ్య విషయాలు మాట్లాడుకున్న గ్రూపుల్లో అడిగింది 20 శాతం. చెప్పేవాడు మనవాడైతే తేడా అంత ఉంటుంది.

వానలు మొదలయ్యాక, వారానికొక మాట

మందులు ఆపకుండా ఉండటానికి ఏం చెయ్యాలన్నదాని మీద ఇప్పుడు పని. నమూనా కెన్యాది. అక్కడ 2010లో వెలువడిన వెల్‌టెల్ అధ్యయనంలో నర్సులు ప్రతి వారం ఒక చిన్న ఎస్‌ఎంఎస్ పంపేవారు, ఎలా ఉన్నారని మాత్రమే. హెచ్‌ఐవీ మాట లేదు, మాత్ర మాట లేదు. బాగున్నామనో ఇబ్బందనో జవాబొస్తే చాలు, ఇబ్బంది అన్నవాళ్ళకి నర్సు ఫోన్ చేసేది. మెసేజ్ అందుకున్నవాళ్ళలో 62 శాతం మంది మందులు సక్రమంగా వాడారు, అందనివాళ్ళలో 50 శాతం.

మేం ‘బాగుండారా?’ అని పంపుతున్నాం, సోమవారం పొద్దున. ఒప్పుకున్నవాళ్ళకే. ఒప్పుకునే ముందు ఒక ప్రశ్న తప్పనిసరి: ఈ ఫోను ఇంకెవరు చూస్తారు? కొడుకు గేములు ఆడుకునే ఫోను, అత్త తీసే ఫోను, భర్త రీచార్జి చేసే ఫోను. అలాంటివాళ్ళకి మెసేజ్ పంపం, వాళ్ళే వీలైనప్పుడు మిస్‌డ్ కాల్ ఇస్తారు.

ఇబ్బంది అని వచ్చే జవాబుల్లో జబ్బుకు సంబంధించినవి తక్కువ. బెంగళూరులో బిల్డింగు పనికి వెళ్ళాం, మాత్రలు అయిపోతున్నాయి. మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీలో సెలవు ఇవ్వడం లేదు, సెంటరుకి ఎప్పుడు పోవాలి. మొదటిదానికి జవాబు సులువు: ఏ రాష్ట్రంలో ఉన్నా అక్కడి ఏఆర్‌టీ సెంటరుకి వెళ్ళవచ్చు, కార్డూ బుక్కూ దగ్గర పెట్టుకోవాలి, వెళ్ళే ముందు మన సెంటరులో చెబితే ఇంకా మంచిది. రెండోదానికి, ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్ళకి ఒకేసారి ఎక్కువ నెలల మందులిచ్చే వీలుంది, అడగమని చెబుతున్నాం. అడగాలని చాలామందికి తెలియదు.

చిత్తూరుకు వెళ్ళొచ్చాక

చిత్తూరులో నర్సింగ్ విద్యార్థులతో కూర్చున్నాం, లైకులు కొట్టే పని గురించి. 1986లో దేశంలో మొదటి హెచ్‌ఐవీ కేసులు బయటపడింది చెన్నైలో అని వాళ్ళకి తెలుసు. డాక్టర్ సునీతి సోలమన్ దగ్గర పీజీ చేస్తున్న నిర్మల సేకరించిన ఆ రక్తనమూనాలను మొదట పరీక్షించింది ఇక్కడికి గంట దూరం కూడా లేని వెల్లూరు సీఎంసీలో అని చెబితే ఆశ్చర్యపోయారు. ఒకమ్మాయి లేచి, ‘మరి మా ఊర్లో ఇంకా కంచం వేరే పెడతారేం సార్?’ అని అడిగింది. ఆ ప్రశ్ననే వీడియో చేద్దామన్నాం, తనే చేస్తానంది.

చట్టం గురించి అడిగారు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో, అద్దె ఇంట్లో వివక్ష చూపకూడదు. ఒప్పుకోలు లేకుండా పరీక్ష చెయ్యకూడదు. ఒకరి స్థితిని వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. పాజిటివ్ వాళ్ళ మీద ద్వేషం రేపే రాతలు ప్రచురించినా పంచినా మూడు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ చట్టం ఉందన్న సంగతి వాట్సాప్‌లో ఒకరి రిపోర్టు ఫొటోను ఫార్వర్డ్ చేసేవాళ్ళకి తెలియాలి.

ఈ వారం

వ్యూస్ గురించి మేం మాట్లాడుకోవడం మానేశాం. మేం చూసేవి వేరు. నంబరుకి వచ్చినవాళ్ళలో ఎంతమంది పరీక్షకు వెళ్ళామని తిరిగి చెప్పారు, 72 గంటల లోపల ఎవరైనా ఆస్పత్రికి చేరారా, సోమవారం జవాబివ్వనివాళ్ళు ఎవరు. చెప్పడం వాళ్ళ ఇష్టం కాబట్టి ఈ లెక్క ఎప్పటికీ పూర్తిగా ఉండదు, అలాగే ఉండనివ్వాలి.

నగరి నుంచి ఆటో నడిపే ఒక అన్న తమిళ ఆడియో చదవడానికి ఒప్పుకున్నాడు, ఆదివారం రికార్డింగ్. రాత్రి ఫోను ఇంతవరకూ అక్క దగ్గరే ఉంటోంది, ఆమెకీ నిద్ర కావాలి. మేడమ్, నేను, అక్క వంతులు వేసుకున్నాం. నా వంతు సోమ, గురువారాలు.